న్యాయశాస్త్రాచార్యులు – ఒక బహిరంగ లేఖ

పదవీ విరమణ చేసే ఆచార్యునికి శాలువ కప్పి, సర్వీసు సంవత్సరాలు లెక్కించి సంతృప్తి చెందడం మన సభల ఆచారం. న్యాయశాస్త్రం బోధించిన వారి విషయంలో ఆ లెక్క చాలదని మేము భావిస్తున్నాము. వారి పాఠం తరగతి గది దాటి ఎంత దూరం పోయిందో విద్యార్థులు తెలుసుకోవాలి.

మథుర కేసుగా పేరుపడిన వ్యాజ్యాన్నే చూడండి. 1972లో మహారాష్ట్రలోని ఒక పోలీసు స్టేషనులో తనపై అత్యాచారం జరిగిందని ఒక ఆదివాసీ యువతి ఫిర్యాదు చేసింది. హైకోర్టు ఇద్దరు పోలీసులకు విధించిన శిక్షలను 1978లో సుప్రీంకోర్టు రద్దు చేసింది. దేహంపై గాయాలు లేవు గనుక ఆమె ప్రతిఘటించలేదని న్యాయస్థానం తర్కించింది.

మరుసటి సంవత్సరం ఉపేంద్ర బక్షీ, లోతికా సర్కార్, రఘునాథ్ కేల్కర్, వసుధా ధగంవార్ అనే నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ వ్రాశారు. లొంగిపోవడం వేరు, సమ్మతించడం వేరు అన్నది వారి వాదన. పరీక్షలో మార్కుల కోసం మనం వల్లించే భేదమే అది! గురువులు దానిని దేశపు అత్యున్నత న్యాయపీఠానికే గుర్తు చేయవలసి వచ్చింది.

తీర్పు మారలేదు, చట్టం మారింది. పోలీసు నిర్బంధంలో సంభోగం జరిగినట్లు రుజువై, తాను సమ్మతించలేదని స్త్రీ కోర్టులో చెప్పితే, సమ్మతి లేదనే న్యాయస్థానం భావించాలని 1983 సవరణ విధించింది. 2023 నాటి సాక్ష్య చట్టంలోనూ ఆ సూత్రం నిలిచింది.

ఈ మధ్యలోనే, 1981లో, బక్షీ, సర్కార్‌లు ఆగ్రా సంరక్షణ గృహంలోని స్త్రీల దుస్థితిపై సుప్రీంకోర్టుకు మరొక లేఖ పంపారు. ఆ లేఖనే న్యాయస్థానం పిటిషనుగా స్వీకరించింది.