చిన్న హెచ్‌టీపీసీ కేస్‌లో వాటర్ కూలింగ్: ఏం కొలవాలి, ఎలా బిగించాలి

టీవీ కింద పెట్టే పీసీకి స్పీడ్ కంటే ముందు కావాల్సింది నిశ్శబ్దం. సినిమాలో ఎవరూ మాట్లాడని సీన్ వచ్చినప్పుడు ఫ్యాన్ గుయ్‌మంటే హాల్లో కూర్చున్న అందరికీ వినిపిస్తుంది. అందుకే చాలామంది హోమ్ థియేటర్ పీసీకి వాటర్ కూలింగ్ వేద్దామనుకుంటారు. అసలు అవసరమా లేదా అన్నది ముందు తేల్చుకుందాం.

రైజెన్ 5 5600జీ లాంటి 65 వాట్ల చిప్‌కి అక్కర్లేదు. ఫుల్ లోడ్‌లో కూడా డిఫాల్ట్ లిమిట్ 88 వాట్లే. మంచి లో-ప్రొఫైల్ ఎయిర్ కూలర్ సరిపోద్ది, డబ్బులూ మిగుల్తాయి. ఇంటెల్ ఐ7-12700 అయితే కథ వేరు. బేస్ పవర్ 65 వాట్లే అయినా, టర్బోలో గరిష్ఠంగా 180 వాట్ల దాకా పోతుంది. రాత్రి సినిమా, పగలు గేమింగ్ అనుకునేవాళ్లకి ఇక్కడే ఇబ్బంది మొదలవుతుంది.

ఉదాహరణకి కూలర్ మాస్టర్ ఎలైట్ 130 కేస్ తీసుకుందాం. మినీ ఐటీఎక్స్ బోర్డ్ పట్టే ఈ కేస్ సుమారు 20 లీటర్లు. ఇందులో పవర్ సప్లై సరిగ్గా ప్రాసెసర్ నెత్తి మీద కూర్చుంటుంది. కాబట్టి కూలర్ ఎత్తు 65 మి.మీ. దాటకూడదు. పెద్ద టవర్ కూలర్ మాట మర్చిపోవాల్సిందే. కానీ ముందువైపు 120 మి.మీ. రేడియేటర్‌కి చోటుంది. వేడిని ఆ ఇరుకులోంచి బయటికి లాక్కొచ్చి ముందువైపు వదలడమే ఇక్కడ వాటర్ కూలింగ్ చేసే పని.

కొనేముందు కొలవండి. 120 మి.మీ. ఏఐఓ రేడియేటర్ మందం సాధారణంగా 27 మి.మీ., ఫ్యాన్ 25 మి.మీ., కలిపితే 52. రేడియేటర్ పొడవు కూడా 120 కాదు, రెండు చివర్లా ట్యాంకులు ఉంటాయి కాబట్టి 155 మి.మీ. దగ్గర ఉంటుంది. చాలామంది మిస్సయ్యేది ఇదే. పాత అట్టపెట్టె కోసి ఆ సైజులో ఒక డమ్మీ చేసి కేస్‌లో పెట్టి చూడండి. పవర్ సప్లై కేబుల్స్, గ్రాఫిక్స్ కార్డ్ పెట్టాక కూడా అది కూర్చోవాలి. పట్టకపోతే 15 మి.మీ. స్లిమ్ ఫ్యాన్‌తో 10 మి.మీ. కలిసొస్తుంది, కాకపోతే గాలి కొంచెం తగ్గుతుంది.

ఇప్పుడు అసలు విషయం, పంప్ ఎక్కడుంది అన్నది. ఏఐఓ లోపల ఫుల్లుగా నీళ్లుండవు, కొంచెం గాలి ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ ట్యూబుల్లోంచి నీరు కొద్దికొద్దిగా ఆవిరై ఆ గాలి పెరుగుతుంది కూడా. గాలి ఎప్పుడూ లూప్‌లో అన్నిటికంటే ఎత్తైన చోటికే చేరుతుంది. ఆ చోటు పంప్ అయితే గరగర సౌండ్ వస్తుంది, నీళ్లు సరిగా అందక పంప్ తొందరగా పోతుంది కూడా. ఎలైట్ 130లో బోర్డ్ అడుగున పడుకుని ఉంటుంది, రేడియేటర్ ముందువైపు నిలబడుతుంది. అంటే రేడియేటర్ పైభాగం పంప్ కంటే ఎత్తు, మనకి కావాల్సింది అదే. ట్యూబులు వచ్చే చివర కిందికి పెట్టండి, గాలి పై ట్యాంకులో ఉండిపోతుంది. కొంతమంది చోటు కలిసొస్తుందని కేస్‌ని ఒక పక్కకి నిలబెడతారు. అలా చేసేముందు పంప్ పైకి వస్తుందేమో చూసుకోండి.

బిగించేటప్పుడు పంప్‌ని తిప్పి, ట్యూబులు ర్యామ్‌కి తగలని వైపు ఉండేలా చూడండి. ట్యూబ్‌ని గుండ్రంగా వంచాలి, మడత పడితే నీళ్లు ఆగిపోతాయి. కోల్డ్ ప్లేట్ మీద ప్లాస్టిక్ ఫిల్మ్ ఉంటే తీసేయండి. స్క్రూలు ఒకదాని తర్వాత ఒకటి కాకుండా ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించండి. కేస్ మూసేముందు ఫిట్టింగ్స్ కింద టిష్యూ పేపర్ పెట్టి అరగంట ఆడించండి. చెమ్మ తగిలిందా, అక్కడే ఆపేసి రిటర్న్ పెట్టేయండి. కిందున్న గ్రాఫిక్స్ కార్డ్ కూలర్ కంటే చాలా ఖరీదు కదా!

ఒక నష్టం కూడా చెప్పాలి. ముందునుంచి గాలి లోపలికి లాగితే, రేడియేటర్ వేడి కూడా ఆ గాలితో పాటే బోర్డ్ మీదికి వస్తుంది. పైగా ఎయిర్ కూలర్ లాగా సాకెట్ చుట్టూ ఉండే వీఆర్ఎమ్ మీద గాలి పడదు. పవర్ సప్లై ఫ్యాన్ కిందివైపు ఉండేలా పెడితే ఆ వేడిని కొంత లాగేస్తుంది. మే నెలలో విజయవాడలో గది 36 డిగ్రీలుంటే, నీళ్లు అంతకంటే చల్లబడవని గుర్తుంచుకోండి. ఏఐఓ అంటే ఏసీ కాదు. అలాంటి రోజుల్లో బయోస్‌లో పవర్ లిమిట్ తగ్గించడమే మంచి ఉపాయం.

చివరిగా సౌండ్. పంప్ వైర్‌ని ఏఐఓ పంప్ హెడర్‌కి పెట్టి, మాన్యువల్ వేరేగా చెప్పకపోతే ఫుల్ స్పీడ్‌లో వదిలేయండి. సీపీయూ ఫ్యాన్ హెడర్‌కి రేడియేటర్ ఫ్యాన్ పెట్టండి, ఖాళీగా వదిలితే చాలా బోర్డులు స్టార్టప్‌లోనే ఎర్రర్ చూపిస్తాయి. బ్రౌజర్ తెరిచినప్పుడల్లా చిప్ వేడి ఒక్కసారి ఎగిరిపడుతుంది, కానీ నీళ్లు అంత తొందరగా వేడెక్కవు. కాబట్టి ఫ్యాన్ కర్వ్‌లో కొన్ని సెకన్ల డిలే పెడితే ఫ్యాన్ ఊరికే పైకీ కిందికీ ఊగదు. ఎయిర్ కూలర్ మీద ఏఐఓకి నాకు బాగా నచ్చిన అడ్వాంటేజ్ ఇదే. మొదటి రోజు బుడబుడ సౌండ్ వస్తే కంగారు పడొద్దు, గాలి పైకి చేరాక ఆగిపోతుంది. రెండు మూడు రోజులైనా ఆగకపోతే పీసీ ఆఫ్ చేసి, కేస్‌ని మెల్లగా అటూ ఇటూ వంచి మళ్లీ ఆన్ చేసి చూడండి.