కాగితం చదివిన కోటమ్మ

కోటమ్మది చిలకలూరిపేట దగ్గర ఒక పల్లె. భర్త చనిపోయి ఆరేళ్లయింది. పత్తి తీతకు, మిరప కోతకు కూలికి పోతుంది. అర ఎకరం సొంత చేను ఉంది. కొడుకు శీనుకు పంతొమ్మిదేళ్లు.

శీనుకు నూలు మిల్లులో పని దొరికింది. మిల్లు ఊరికి పన్నెండు కిలోమీటర్లు. వారం పగటి డ్యూటీ, వారం రాత్రి డ్యూటీ. రాత్రి పూట బస్సు లేదు.

"అమ్మా, మోటారుసైకిలు లేకపోతే ఈ పని నిలవదు" అన్నాడు శీను.

కోటమ్మ పొదుపు సంఘంలో నలభై వేలు అప్పు అడిగింది. సంఘం ఒప్పుకుంది. శీను రెండు పాత బండ్లు చూసి వచ్చాడు. ఒకటి 125 సి.సి. బండి. రెండోది 220 సి.సి. బండి. శీను మనసు పెద్ద బండి మీదే ఉంది.

"మరి ఇన్సూరెన్సు సంగతేందిరా?" అని అడిగింది కోటమ్మ.

"అది దండగమ్మా. పోలీసులు ఆపితే చూద్దాంలే."

రమాదేవి చెప్పిన మాట

ఆ సాయంత్రం సంఘం మీటింగులో కోటమ్మ ఈ మాట చెప్పింది. లీడరు రమాదేవి తల అడ్డంగా ఊపింది.

"వదినా, మా పుట్టింటి ఊళ్లో ఒక పిల్లాడు ఇట్లాగే అన్నాడు. ఒకరోజు చీకటి పడ్డాక వస్తూ గేదెను తోలుకొస్తున్న ముసలాయనను గుద్దాడు. ఆయనకు తుంటి ఎముక విరిగింది. బండికి ఇన్సూరెన్సు గడువు దాటి రెండు నెలలైంది. కేసు కోర్టుకు పోయింది. నష్టపరిహారం బండి యజమానే కట్టాలని తీర్పు వచ్చింది. ఆ ఇంటివాళ్లు ముప్పావు ఎకరం అమ్ముకున్నారు."

కోటమ్మకు తన అర ఎకరం కళ్ల ముందు కనబడింది.

"గడువు లోపల ఉంటే?"

"కంపెనీ కట్టేది వదినా. ముసలాయనకు డబ్బు అందేది. వీళ్లకు చేను మిగిలేది."

బీమా అంటే పోలీసుకు చూపించే కాగితం మాత్రమే కాదు. దెబ్బ తగిలినవాళ్లకు అది ఆసరా. మన ఇంటికి కూడా అది కాపలా.

ధర దేన్ని బట్టి?

మర్నాడు కోటమ్మ, శీను టౌనులో బీమా ఆఫీసుకు పోయారు. ఆఫీసులో ఒక అమ్మాయి కూర్చుని ఉంది.

"మావాడు కుర్రాడమ్మా. కొత్తగా బండి నేర్చాడు. ఎక్కువ అడుగుతారా?" అని కోటమ్మ అడిగింది.

"లేదమ్మా. థర్డ్ పార్టీ బీమాకు వయసు చూడరు. ఇంజను సైజు చూస్తారు. ధర ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. ఏ కంపెనీలో కట్టినా ఒకటే ధర" అని ఆ అమ్మాయి చెప్పింది.

థర్డ్ పార్టీ అంటే మూడో మనిషి. బండి యజమాని ఒకరు. బీమా కంపెనీ ఒకరు. మన బండి వల్ల దెబ్బ తిన్న బయటివారు మూడోవారు. వారికి రక్షణగా ఈ బీమా ప్రతి బండికీ ఉండాలని 1988 మోటారు వాహనాల చట్టం చెబుతోంది.

ఆ అమ్మాయి ఒక కాగితం మీద ధరలు రాసి ఇచ్చింది. ఇవి 2022 జూన్ 1 నుంచి అమలైన ధరలు. ఏడాదికి ఇంత:

75 సి.సి. వరకు – 538 రూపాయలు
75 దాటి 150 సి.సి. వరకు – 714 రూపాయలు
150 దాటి 350 సి.సి. వరకు – 1,366 రూపాయలు
350 సి.సి. దాటితే – 2,804 రూపాయలు

వీటి మీద నూటికి 18 రూపాయలు జి.ఎస్.టి. పన్ను పడుతుంది. ధరలు మారుతుంటాయి. కట్టే రోజు ధర ఎంతో అడిగి తెలుసుకోవాలి.

కోటమ్మ బల్ల మీదే లెక్క వేసింది. చిన్న బండికి పన్నుతో కలిపి 843 రూపాయలు. అంటే రోజుకు రెండున్నర రూపాయలు కూడా లేదు. పెద్ద బండికి 1,612 రూపాయలు. దాదాపు రెట్టింపు.

"చూశావురా? పెద్ద బండి అయితే పెట్రోలూ ఎక్కువే, బీమా కూడా ఎక్కువే. అదీ ఒక్క ఏడాది కాదు. ప్రతి ఏడూ కట్టాలి."

శీను మాట్లాడలేదు. చిన్న బండికి ఒప్పుకున్నాడు.

కొత్త బండి కొనేవాళ్లు ఒక సంగతి తెలుసుకోవాలి. 2018 సెప్టెంబరు నుంచి కొత్త బండికి ఐదేళ్ల థర్డ్ పార్టీ బీమా ఒకేసారి కట్టాలి. షోరూంవాళ్లు చెప్పే ధరలో అది ఉందో లేదో అడగాలి. షోరూంలోనే బీమా కట్టాలన్న నియమం లేదు. బయట కూడా కట్టవచ్చు.

ఫుల్ ఇన్సూరెన్సు కావాలా?

థర్డ్ పార్టీ బీమాలో మన బండికి ఏమీ రాదు. బండి దొంగలు ఎత్తుకుపోయినా, విరిగినా మన నష్టం మనదే. బండికి కూడా రక్షణ కావాలంటే ఫుల్ ఇన్సూరెన్సు తీసుకోవాలి. దాని ధర కంపెనీకొక రకంగా ఉంటుంది. అందుకే రెండు మూడు చోట్ల అడగాలి. ఏడాదంతా క్లెయిము అడగకపోతే, మరుసటి ఏడు సొంత బండి భాగం ధరలో నూటికి 20 రూపాయలు తగ్గిస్తారు. దీనిని నో క్లెయిమ్ బోనస్ అంటారు. గడువు దాటి 90 రోజుల లోపల మళ్లీ కట్టకపోతే ఈ తగ్గింపు పోతుంది.

కోటమ్మ కొనేది ఎనిమిదేళ్ల పాత బండి. అందుకని థర్డ్ పార్టీ చాలనుకుంది. కొత్త బండి అయితే, ఫైనాన్సులో కొన్నది అయితే ఫుల్ ఇన్సూరెన్సే మంచిది.

"మరి మావాడికే దెబ్బ తగిలితే?" అని కోటమ్మ అడిగింది.

"దానికి వేరే బీమా ఉందమ్మా. బండి యజమానికి 15 లక్షల ప్రమాద బీమా. అది కూడా కట్టాలి. అయితే బండి ఎవరి పేరున ఉంటే వారికే వర్తిస్తుంది. ఆ మనిషికి లైసెన్సు ఉండాలి."

కోటమ్మ ఆలోచనలో పడింది. అప్పు తన పేరున ఉంది. బండి కూడా తన పేరున పెడదామనుకుంది. అట్లా పెడితే నడిపే శీనుకు ఈ రక్షణ ఉండదు. అందుకని సి-బుక్కు శీను పేరునే చేయించాలని నిర్ణయించుకుంది.

"సంతకు నేను వాడి వెనక కూర్చుని పోతాను. నాకో?"

"ఉత్త థర్డ్ పార్టీ పాలసీలో వెనక కూర్చున్నవాళ్లు రారమ్మా. 2006లో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే చెప్పింది. కొంత సొమ్ము అదనంగా కడితే వెనక కూర్చునేవాళ్లకు ప్రమాద బీమా చేర్చవచ్చు. బ్యాంకు ఖాతా ఉందా?"

"ఉంది."

"అయితే ప్రధానమంత్రి సురక్షా బీమా కూడా కట్టండి. ఏడాదికి 20 రూపాయలు. 18 ఏళ్ల నుంచి 70 ఏళ్ల వరకు ఎవరైనా కట్టవచ్చు. ప్రమాదంలో ప్రాణం పోతే ఇంటివాళ్లకు 2 లక్షలు వస్తాయి."

చివరకు ఆ అమ్మాయి శీను వైపు చూసింది.

"లైసెన్సు ఉందా బాబూ?"

"ఎల్.ఎల్.ఆర్. తీసుకున్నానండి. పది రోజులైంది."

"30 రోజులు నిండాక పరీక్షకు పో. లైసెన్సు లేకుండా నడిపి ఎవరినన్నా గుద్దితే, కంపెనీ వాళ్లకు డబ్బు కట్టినా మళ్లీ బండి యజమాని దగ్గర వసూలు చేసుకోవచ్చు. అప్పుడు బీమా ఉండీ లేనట్టే."

లైసెన్సు వచ్చేదాకా శీను మిల్లు దగ్గర స్నేహితుడి గదిలో ఉన్నాడు.

అంకెలు అంకెలే

లైసెన్సు వచ్చింది. బండి కొనే రోజు వచ్చింది. అమ్మే అబ్బాయి పక్క ఊరివాడు. డిగ్రీ చదువుతున్నాడు.

"ఇన్సూరెన్సు ఉంది పిన్నీ" అని కాగితం చేతిలో పెట్టాడు.

కోటమ్మ కాగితం విప్పింది. అంతా ఇంగ్లీషు. ఒక్క అక్షరం తెలియదు. కానీ అంకెలు అంకెలే గదా! వేలు పెట్టి వెతికింది. రెండు తేదీలు కనిపించాయి. మొదటిది బీమా మొదలైన తేదీ. రెండోది ముగిసే తేదీ. రోజు, నెల, సంవత్సరం కూడబలుక్కుని చదివింది. గోడ మీద క్యాలెండరు చూసింది.

"నాయనా, ఇది ముగిసి మూడు నెలలు దాటిందే!"

ఆ అబ్బాయి కాగితం తీసుకుని చూశాడు. ముఖం చిన్నబోయింది.

"నేను చూసుకోలేదు పిన్నీ. ఈ మూడు నెలలూ రోజూ కాలేజీకి నడుపుతూనే ఉన్నాను."

"దేవుడు చల్లగా చూశాడు. ఇంక నడపబాకు."

కోటమ్మ అంతటితో ఆగలేదు. సి-బుక్కు మీద ఉన్న ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు శీను చేత చదివించింది. బండి మీద ఉన్న నంబర్లతో ఒక్కొక్క అంకె సరిచూసింది. అన్నీ సరిపోయాయి. బీమా గడువు దాటినందుకు ధరలో వెయ్యి రూపాయలు తగ్గించమంది. అబ్బాయి తగ్గించాడు.

బీమా కట్టేదాకా ఆ బండిని ఎవరూ నడపలేదు. అదే రోజు శీను పేరు మార్పుకు దరఖాస్తు పెట్టారు. బీమా కట్టారు. గడువు ఉన్న పాలసీ అయితే, బండి కొన్న 14 రోజుల లోపల దానిని కొన్నవారి పేరుకు మార్చమని కంపెనీకి తెలపాలి.

బండి ఇంటికి వచ్చింది. శీను హెల్మెట్టు పెట్టుకుని రాత్రి డ్యూటీకి బయలుదేరాడు. కోటమ్మ సుద్దముక్క తీసుకుంది. తలుపు వెనక బీమా ముగిసే తేదీ పెద్ద అంకెలతో రాసింది. దాని కింద ఇంకో తేదీ రాసింది. అది గడువుకు పదిహేను రోజుల ముందు తేదీ. డబ్బు సిద్ధం చేసుకోవలసిన రోజు.

ఇప్పుడు సంఘంలో బండి ఉన్న ప్రతి ఇంటి తలుపు వెనకా రెండు తేదీలు ఉన్నాయి.

గుర్తుంచుకోండి

1. బీమా లేకుండా బండి నడిపితే మొదటిసారి 2,000 రూపాయలు, మళ్లీ దొరికితే 4,000 రూపాయలు జరిమానా. మూడు నెలల దాకా జైలు కూడా పడవచ్చు.
2. గేర్ల బండికి 18 ఏళ్లు నిండాలి. పిల్లలకు బండి ఇస్తే తల్లిదండ్రులకు 25,000 రూపాయలు జరిమానా, మూడేళ్ల దాకా జైలు పడవచ్చు.
3. డబ్బు కట్టాక పాలసీ కాగితం, రసీదు తప్పక తీసుకోవాలి. బీమా గడువును ఎం-పరివాహన్ యాప్‌లో చూడవచ్చు.
4. ప్రమాదం జరిగితే ముందు దెబ్బ తగిలినవారిని ఆసుపత్రికి చేర్చాలి. పోలీసులకు, బీమా కంపెనీకి వెంటనే చెప్పాలి.
5. బీమా కంపెనీల మీద అజమాయిషీ చేసే సంస్థ ఐ.ఆర్.డి.ఏ.ఐ. దాని ప్రధాన కార్యాలయం హైదరాబాదులో ఉంది. కంపెనీతో ఇబ్బంది వస్తే 155255 నంబరుకు ఫోను చేయవచ్చు.

కొత్త మాటలు

ప్రీమియం – బీమాకు మనం కట్టే సొమ్ము
పాలసీ – బీమా ఒప్పందపు కాగితం
గడువు – బీమా చెల్లే ఆఖరి తేదీ
క్లెయిము – నష్టం జరిగినప్పుడు కంపెనీని డబ్బు అడగడం
నష్టపరిహారం – నష్టపోయినవారికి ఇచ్చే సొమ్ము

జవాబు చెప్పండి

1. కోటమ్మ బండిని శీను పేరున ఎందుకు పెట్టించింది?
2. శీను 220 సి.సి. బండి కొని ఉంటే బీమాకు ఏడాదికి ఎంత ఎక్కువ కట్టేవాడు?
3. బీమా లేక ముప్పావు ఎకరం పోయిన ఇంటివాళ్లు ఏ పని చేసి ఉంటే చేను మిగిలేది?

చేసి చూడండి

మీ ఇంట్లోగానీ, పక్క ఇంట్లోగానీ ఉన్న బండి కాగితం అడిగి తీసుకోండి. బీమా ముగిసే తేదీ వెతకండి. పలక మీద రాయండి. ఇంకా ఎన్ని రోజులు ఉందో లెక్క కట్టండి. గడువు దాటి ఉంటే ఆ ఇంటివాళ్లకు ఈరోజే చెప్పండి.