ఫీనిక్స్‌కు మకాం మార్చే ముందు జూలై చూసి రండి

అరిజోనాలోని ఫీనిక్స్‌కు ఇంటర్వ్యూకో, ఊరు చూద్దామనో వెళ్ళేవాళ్ళలో చాలామంది చలికాలంలోనే వెళ్తారు. న్యూజెర్సీలో ఇంటి ముందు మంచు ఎత్తిపోసుకునే రోజుల్లో అక్కడ పొట్టి చేతుల చొక్కా సరిపోతుంది. పెరటి చెట్లకు నారింజలు వేలాడుతుంటాయి. పక్కనున్న చాండ్లర్‌లో ఇంటెల్ 1980 నుంచి ఉంది, ఉత్తర ఫీనిక్స్‌లో టీఎస్‌ఎంసీ చిప్పుల ఫ్యాక్టరీ వచ్చింది. మన కిరాణా కొట్లు, గుళ్ళు, తెలుగు మాట్లాడే ఇరుగుపొరుగు అన్నీ ఉన్నాయి. ఇంకేం కావాలి అనిపిస్తుంది. పిల్లలున్నవాళ్ళు మాత్రం సంతకం పెట్టేలోపు ఒక ప్రశ్న వేసుకోవాలి: జూలైలో మా పిల్లలకు రోజు ఎలా గడుస్తుంది?

"రెంటచింతల ఎండలు చూసినవాళ్ళం, మాకిదో లెక్కా!" అంటారు మనవాళ్ళు. కానీ మనకు రోహిణి కార్తె దాటితే తొలకరి మీద ఆశ ఉంటుంది. ఫీనిక్స్‌లో మే నెలాఖరుకు ముదిరిన ఎండ సెప్టెంబరు దాకా వదలదు. 2023లో జూన్ 30 నుంచి వరుసగా 31 రోజులు పగటి ఉష్ణోగ్రత 43 డిగ్రీల సెల్సియస్ దాటింది. రాత్రయినా ఊరట లేదు. ఆ జూలై 19న రోజు మొత్తంలో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రతే 36 డిగ్రీలు. పైగా అక్కడిది పొడి గాలి. కోస్తా ఉక్కలో చెమట కారితే ఒంటికి తెలుస్తుంది. అక్కడ పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోతుంది. ఆటలో పడ్డ పిల్లలు దాహం వేస్తోందని చెప్పేలోపే నీరసపడిపోతారు. అడిగినప్పుడు కాకుండా, గంట గంటకూ మీరే నీళ్ళు తాగించాలి.

కాబట్టి అక్కడ పిల్లల ఏడాదిని తిరగేసి చూసుకోవాలి. అమెరికాలో చాలాచోట్ల శీతాకాలం ఇంట్లో కూర్చునే కాలం. ఫీనిక్స్‌లో వేసవి ఇంట్లో కూర్చునే కాలం. అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా సైకిళ్ళు, క్రికెట్, కొండలెక్కడం హాయిగా సాగుతాయి. జూన్ నుంచి మాత్రం పొద్దున్నే ఆరు గంటలకు పార్కుకు వెళ్ళి ఎనిమిదిలోపు ఇల్లు చేరాల్సిందే. మధ్యాహ్నం తారు రోడ్డు 70 డిగ్రీలు దాటి పెనంలా కాలుతుంది. చెప్పులు లేకుండా అడుగు పెడితే నిజంగానే బొబ్బలెక్కుతాయి. గుడికి వెళ్ళినప్పుడు పిల్లల చెప్పులు కారులో వదలకండి, గుమ్మం దగ్గర విప్పించండి. జారుడుబల్ల మీద కూర్చోబెట్టే ముందు మీ అరచేయి పెట్టి చూడండి. సీటు బెల్టు బకిల్‌ను కూడా అలాగే చూడాలి. ఆపిన కారులో పది నిమిషాల్లో వేడి పది డిగ్రీలకు పైగా పెరుగుతుంది. "ఒక్క నిమిషంలో వచ్చేస్తా" అని కూడా పిల్లల్ని కారులో వదలకండి.

బడి క్యాలెండరు ముందే తెలుసుకోండి. చాండ్లర్ వంటి చోట్ల జూలై మూడో వారం కల్లా బడులు తెరుస్తారు. బదులుగా అక్టోబరులో, మార్చిలో పొడుగు సెలవులిస్తారు. న్యూజెర్సీ లెక్కలో ఆగస్టు చివర దిగితే మీ పిల్లలకు నెల రోజుల పాఠాలు పోయినట్టే. శ్రావణ మాసపు పెళ్ళిళ్ళకు ఇండియా ప్రయాణాలూ కుదరవు. అరిజోనాలో ఇంటి అడ్రసును బట్టే బడి అన్న పట్టింపు తక్కువ. ఖాళీ ఉంటే వేరే డిస్ట్రిక్టులోనూ చేర్చుకుంటారు, ఛార్టర్ స్కూళ్ళూ ఎక్కువే. అయితే అలా చేర్చిన చోటికి బస్సు వస్తుందో లేదో అడగండి. రాకపోతే ఆ ఎండలో రోజూ దింపి తీసుకురావాల్సింది మీరే.

ఇల్లు చూసేటప్పుడు మనవాళ్ళు తూర్పు ముఖం కోసం వెతుకుతారు. అక్కడ తూర్పు ముఖం ఇంటికి పెరడు, వెనక హాలు, పెద్ద గాజు తలుపులు పడమరకు వస్తాయి. పిల్లలు బడి నుంచి వచ్చి ఆడుకునే వేళకు పడమటి ఎండంతా అక్కడే పడుతుంది. వాస్తు వదులుకోమని చెప్పడం లేదు. సాయంత్రం నాలుగింటికి ఆ ఇంట్లో ఒక పావుగంట నిలబడి చూడమంటున్నాను. ఏసీ వయసు, పాత యజమాని కట్టిన జూలై, ఆగస్టు కరెంటు బిల్లులు అడగండి. 2023లో ఫీనిక్స్ ఉన్న మారికోపా కౌంటీలో వేడికి 645 మంది చనిపోయారు. ఇళ్ళలో పోయినవాళ్ళలో ఎక్కువమంది ఇళ్ళల్లో ఏసీ ఉంది, పని చేయలేదు. ఊరి అంచున కొంటుంటే నీళ్ళెక్కడి నుంచి వస్తాయో కూడా విచారించండి. స్కాట్స్‌డేల్ పక్కనున్న రియో వెర్డె ఫుట్‌హిల్స్‌కు 2023 జనవరిలో ఆ నగరం నీళ్ళు ఆపేసింది.

ఈత కొలను ఉన్న ఇల్లయితే ఇంకా జాగ్రత్త. ఆరేళ్ళలోపు పిల్లలుండే ఇళ్ళలో కొలనుకు ఐదడుగుల కంచె వంటి అడ్డు ఉండాలని అరిజోనా చట్టం చెబుతోంది. పెరటి గోడ ఉంది కదా అని ఊరుకోకుండా, వెనక తలుపుకూ నీళ్ళకూ మధ్య దానంతటదే మూసుకునే గేటుతో కంచె వేయించండి. నీళ్ళలో పడ్డ పసివాడు కేకలు వేయడు, చప్పుడు లేకుండా మునిగిపోతాడు. పుట్టినరోజు పార్టీల్లో పెద్దలంతా ప్లేట్లు పట్టుకుని, ఎవరో ఒకరు చూస్తున్నారులే అనుకునే వేళే ప్రమాదం. ఫోను పక్కన పెట్టి కొలనునే చూస్తూ కూర్చునే మనిషిని పేరు పెట్టి నియమించండి.

అక్కడి మట్టిలో ఉండే ఒక శిలీంధ్రం దుమ్ముతో పాటు ఊపిరితిత్తుల్లోకి వెళ్తే వ్యాలీ ఫీవర్ వస్తుంది. ఒకరి నుంచి ఒకరికి అంటదు, చాలామందికి దానంతటదే తగ్గుతుంది. గర్భిణులకు, షుగరు ఉన్నవాళ్ళకు ముదిరే ప్రమాదం ఎక్కువ. దగ్గు, జ్వరం, అలసట వారాల తరబడి వదలకపోతే ఆ పరీక్ష చేయమని మీరే అడగండి. ఇక వేసవి వానల కాలంలో హబూబ్ అనే దుమ్ము గోడ లేస్తుంది. అది ముంచుకొస్తే కారును రోడ్డు మీంచి పూర్తిగా దించి ఆపండి. లైట్లన్నీ ఆర్పి, బ్రేకు మీంచి కాలు తీయండి. లేకపోతే వెనకవాళ్ళు మీ లైట్లే దారి అనుకుని వచ్చి గుద్దుతారు. తేళ్ళూ ఉంటాయి. అతినీలలోహిత టార్చి వేస్తే రాత్రి పూట మెరుస్తూ కనిపిస్తాయి. పిల్లల బూట్లు దులిపి తొడగండి. విష నివారణ కేంద్రం నంబరు 1-800-222-1222 ఫ్రిజ్ మీద అంటించండి.

అమ్మమ్మా తాతయ్యల్ని రమ్మనేది కూడా నవంబరు, మార్చి మధ్యలోనే. వేసవిలో పిలిస్తే పొద్దున నడకకూ, సాయంత్రం పార్కుకూ నోచుకోక నాలుగు గోడల మధ్య కూర్చుంటారు.

ఇవన్నీ విని ఆ ఊరు వద్దనుకోనక్కర్లేదు. లక్షల కుటుంబాలు అక్కడ పిల్లల్ని చక్కగా పెంచుకుంటున్నాయి. వెళ్ళదలిస్తే జూలైలో పిల్లలతో ఒక నాలుగు రోజులు ఉండి రండి. ఆ తరువాత కూడా ఇల్లు కొనేందుకు తొందరపడకండి. ఒక వేసవి అద్దె ఇంట్లో గడిపి, పిల్లల మాట కూడా విన్నాకే కొనండి.