పోలీసులంటే నమ్మకం ఎట్ల వస్తది?



మన తండాల్లో, గూడేల్లో పిల్లలు ఏడిస్తే "పోలీసు వస్తుండు" అని బెదిరిస్తరు. పెద్దవాళ్లకు కూడా ఆ భయం ఉన్నది. అది ఊరికే రాలేదు. దేశాన్ని ఏలినవాళ్లు చేసిన చట్టాల వల్ల కూడా వచ్చింది.

1871లో బ్రిటీష్ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం చేసింది. తర్వాత ఎరుకల వాళ్లను కూడా ఆ జాబితాలో చేర్చారు. జాబితాలో ఉన్నవాళ్లు ఏ తప్పు చేయకున్నా పోలీసుల దగ్గర హాజరు వేయించుకోవాలి. పైన కూర్చున్నవాళ్లే దొంగ అని రాస్తే కింద పోలీసు దొంగలెక్కనే చూస్తడు కదా! స్వాతంత్ర్యం వచ్చినాక 1952లో ఆ చట్టం రద్దయింది.

కానీ భయం రద్దు కాలేదు. 1981 ఏప్రిల్ 20న ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లిలో, భూముల సమస్య మీద సభకు వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. 13 మంది చనిపోయారని ప్రభుత్వం చెప్పింది. ఇంకా చాలామంది అని ప్రజలు చెప్తరు.

1989లో పార్లమెంటు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం చేసింది. ఇతరులు మన భూమి గుంజుకున్నా, నలుగురిలో కులం పేరుతో తిట్టినా ఈ చట్టం కింద కేసు పెట్టవచ్చు. పోలీసు శాఖ రాష్ట్ర ప్రభుత్వం చేతిలో ఉంటది. అయినా పార్లమెంటు చట్టం మన బాన్సువాడ స్టేషన్లో కూడా నడవాలి.

2018 మార్చిలో సుప్రీంకోర్టు, అరెస్టుకు ముందు పై అధికారి అనుమతి కావాలన్నది. ఏప్రిల్ 2న దళితులు, గిరిజనులు భారత్ బంద్ చేశారు. ఆగస్టులో పార్లమెంటు చట్టాన్ని సవరించి ఆ షరతు తీసేసింది. అంటే మనం గట్టిగా అడిగితే ఢిల్లీకి వినబడతది.

ఈ చట్టంలో సెక్షన్ 4 అందరం గుర్తుంచుకోవాలి. 2016 జనవరి 26 నుండి ఇట్ల ఉన్నది:

1. నోటితో చెప్పిన ఫిర్యాదును పోలీసులు రాసుకొని, సంతకానికి ముందు చదివి వినిపించాలి.
2. దాని కాపీ వెంటనే ఇవ్వాలి.
3. ఎస్సీ, ఎస్టీ కాని అధికారి కావాలని ఈ పని చేయకుంటే 6 నెలల నుండి ఏడాది దాకా జైలు.

మనలో చాలామంది అమ్మానాయనలు వేలిముద్ర వేసేవాళ్లే. కాగితంలో ఏం రాసిండ్రో తెల్వకుండ వేలు పెట్టిస్తే నమ్మకం ఎట్ల వస్తది? నాయకులు ఢిల్లీలో చట్టం చేస్తరు. స్టేషన్లో ఆ కాగితం చదివి వినిపించిన రోజే అది మనదని తెలుస్తది.

సెలవులకు ఇంటికి పోయినప్పుడు అమ్మానాయనలకు ఈ ఒక్క మాట నేర్పండి: "సారూ, చదివి వినిపించుండ్రి. ఆ తర్వాతనే వేలిముద్ర వేస్త."

— 9వ తరగతి విద్యార్థిని