తరంగంబాడి త్రోవలో

కృష్ణానదీ ముఖమునకు దక్షిణముగా కోడియక్కరై అగ్రము వరకు గల సముద్రతీరమునకు చోళమండల తీరమని పేరు. పరదేశీయులు దానినే కోరమాండలమనిరి. ఈ తీరమున సహజమైన రేవులు లేవని భూగోళ పాఠమున చెప్పుచుందుము. “అట్లయినచో పోర్చుగీసువారు, డచ్చివారు, డేనులు, ఇంగ్లీషువారు, ఫ్రెంచివారు ఇచ్చటనే యేల కోటలు కట్టిరండీ?” అని యొక విద్యార్థి ప్రశ్నించెను. తరగతిలో మేము చెప్పిన సమాధానము మాకే తృప్తి గొల్పలేదు. కావున శీతకాలపు సెలవులలో బస్సొకటి మాట్లాడుకొని, చెన్నపట్టణము నుండి తూర్పుతీరపు రహదారి వెంబడి తరంగంబాడి వరకు పోయితిమి. దూరము మూడువందల కిలోమీటర్లకు కొంచెము తక్కువ.

తెల్లవారుసరికి మహాబలిపురము చేరితిమి. పల్లవరాజగు రాజసింహుడు ఎనిమిదవ శతాబ్ది యారంభమున కట్టించిన తీరదేవాలయమును వర్ణించిన వారు పెక్కండ్రు గలరు గనుక మేము వర్ణింపము. ఒక్క మాట మాత్రము చెప్పవలెను. 2004 డిసెంబరు 26న వచ్చిన సునామీ ఈ యొడ్డున ఇసుకను కోసికొనిపోగా, అంతవరకు కప్పబడియున్న సింహశిల్పము గల రాయి యొకటి బయటపడెను. సముద్రము గ్రహించుటయే గాక అప్పుడప్పుడు తిరిగి యిచ్చుట కూడ కలదు.

అచ్చటికి దక్షిణముగా నున్న సదురంగపట్టణమున డచ్చివారి కోటయు, వారి సమాధులును కలవు. మా విద్యార్థి ప్రశ్నకు ఇచ్చట సగము ఉత్తరము లభించెను. ఈ యూరు సన్నని నేత వస్త్రములకు ప్రసిద్ధి. వర్తకులు వచ్చినది రేవుకొరకు కాదు, సాలెవాని మగ్గముకొరకు. ఇచ్చటి వస్త్రముల నిచ్చి తూర్పుదీవులలో సుగంధద్రవ్యములు కొనుచుండిరి. ఓడలు లోతునీట దూరముగా లంగరు వేయుచుండెను. ఒడ్డునకును ఓడకును నడుమ మసూలా పడవలు తిరుగుచుండెను. వాని పలకలు మేకులతో బిగించినవి కావు, కొబ్బరితాటితో కుట్టినవి. కెరటము కొట్టినప్పుడు మేకుపడవ పగులును. కుట్టుపడవ వంగి నిలుచును. అక్టోబరు మధ్యమున ఈశాన్య ఋతుపవనము సమీపింపగనే ఓడలు తీరము విడిచి పోవుచుండెను.

పుదుచ్చేరి యందు మిగిలిన సగము తెలిసెను. ఈ తీరమున కెరటములు ఇసుకను యేడాదిలో అధికభాగము దక్షిణము నుండి ఉత్తరమునకు నడిపించుచుండును. దాని కడ్డముగా రాతికట్ట వేసినచో దక్షిణపు ప్రక్క ఇసుక పేరుకొనును. ఉత్తరపు ప్రక్క ఒడ్డు కరగిపోవును. పుదుచ్చేరిలో 1980 దశకము చివర రేవుకొరకు కట్టలు వేసిన తరువాత పట్టణము ముందరి ఇసుకయొడ్డు నశించి, బండరాళ్లు పరచి తీరమును కాపాడుకొనవలసి వచ్చెను. రేవు లేని తీరమున రేవు నిర్మించుటకు మూల్యమిది. మా బాలురు ఒక పళ్ళెములో ఇసుకయు నీరును పోసి, నడుమ పుల్ల నిలిపి, చేతితో అల లేపి ఈ సంగతి తామే పరీక్షించిరి.

కడలూరు, పరంగిపేట దాటి సాయంకాలమునకు తరంగంబాడి చేరితిమి. తరంగములు పాడు చోటని పేరునకు అర్థము. మేము ముఖ్యముగా చూడవచ్చినది దీనినే. దీని చరిత్ర తెలుగువారి కెంత దగ్గరిదో మాలో పలువు రెరుగరు. 1620లో డేనులకు ఇచ్చట కోట కట్టుకొన ననుమతి నొసగినవాడు తంజావూరి రఘునాథ నాయకుడు. ఆయనయే వాల్మీకి చరిత్రమును తెలుగున రచించిన కవిరాజు. చేమకూర వేంకటకవి విజయవిలాసమును అంకితమందిన ప్రభువు. ఆయన డెన్మార్కు రాజునకు బంగారురేకుపై వ్రాయించి పంపిన లేఖ నేటికిని కోపెన్‌హేగన్ నగరమున భద్రముగా నున్నది. విజయవిలాసము వల్లించు బాలురు ఆ కోటగుమ్మమున నిలిచి ఈ సంగతి వినినప్పుడు వారి ముఖములు చూడదగినవిగా నుండెను.

1706 జూలై 9న జీగెన్‌బాల్గు, ప్లూచౌ అను జర్మను బోధకులిద్దరు ఇచ్చట దిగిరి. డెన్మార్కు రాజు పంపినవారే యైనను ఇచ్చటి డేను గవర్నరునకు వారు కిట్టలేదు. 1708లో అతడు జీగెన్‌బాల్గును నాలుగు మాసములు ఈ కోటలోనే చెరబెట్టెను. ఆయన విడుదలయైన పిమ్మట తమిళ క్రొత్తనిబంధనను పూర్తిచేసి అచ్చొత్తించెను. 1712లో లండను నుండి ముద్రాయంత్రము వచ్చెను. తమిళాక్షరములు హల్లె నగరమున పోతపోయబడినవి. అవి మిక్కిలి పెద్దవై కాగితము చాలకపోగా, చిన్న యక్షరముల నిచ్చటనే పోతపోసిరి. ఆయన 1718లో కట్టించిన నూతన యెరూషలేము దేవాలయముననే, 1719లో మరణించిన ఆయన సమాధి కలదు.

అదే సంవత్సరము బెంజమిన్ షుల్జ్ తరంగంబాడికి వచ్చెను. తరువాత చెన్నపట్టణమునకు పోయి తెలుగు నేర్చి, బైబిలును తెలుగున ననువదించెను. అది అచ్చు కాలేదు. అయినను ఆయన స్వదేశమునకు మరలి 1746, 1747 సంవత్సరములలో హల్లె నగరమున చిన్న తెలుగు గ్రంథములను ముద్రింపించెను. తెలుగు లిపిలో అచ్చుపడిన తొలి పుస్తకములని వానిని చెప్పుదురు. మనము చేతబట్టు వాచకమునకు మూలపురుషుని వెదకుచు పోయినచో త్రోవ ఈ యిసుకవీధికే వచ్చును. 1818లో తెలుగు క్రొత్తనిబంధన ముద్రితమైన సెరంపూరు కూడ అప్పటికి డేనుల పట్టణమే. ఆ రెండు పట్టణములను డేనులు 1845లో పండ్రెండున్నర లక్షల రూపాయలకు ఇంగ్లీషువారికి అమ్మివేసిరి. 1861లో రైలు నాగపట్టణమునకు రాగా ఇచ్చటి వర్తకము అటు తరలిపోయెను.

కోటకు చేరువనే, పాండ్యరాజగు మారవర్మ కులశేఖరుని కాలమున, 1306లో వెలసిన మాసిలామణినాథ దేవాలయము కలదు. దాని ముందుభాగము సముద్రము పాలయ్యెను. మిగిలినదానిని రాళ్లకట్ట కాపాడుచున్నది. సునామీ ఈ యూరిని, దక్షిణమున నాగపట్టణమును ఘోరముగా కొట్టెను. నాగపట్టణము జిల్లాలోనే ఆరువేలకు పైగా జనులు మృతినొందిరి. వలలు బాగుచేసికొనుచున్న యొక ముదుసలి జాలరి నడుగగా, చేయి చాచి నీటివైపు చూపి, తన చిన్ననాటి యొడ్డు అచ్చట నుండెనని చెప్పెను.

మరునాటి ఉదయమున బయలుదేరుటకు ముందు మా బాలురు కోటగోడ నుండి నీటియంచు వరకు అడుగులు లెక్కించి, తేదీయు వేళయు వేసి నోటుపుస్తకమున వ్రాసికొనిరి. ఆ పుస్తకము మా భూగోళ తరగతి బీరువాలో నున్నది. ఇక ముందు అచ్చటికి పోవు తరగతివారు దానిని వెంట గొనిపోయి, అదే గోడ నుండి మరల లెక్కింపవలెను.