నాడి అందని వేళ

రక్తంలోని హిమోగ్లోబిన్ ప్రాణవాయువును మోస్తున్నప్పుడు ఎర్రగా ప్రకాశిస్తుంది. విడిచిన పిదప ముదురు రంగు దాలుస్తుంది. ఈ వర్ణభేదమే కాంతిమాపకాలకు మూలం. 1974లో జపాను ఇంజనీరు తకువో అవోయాగి ప్రకటించిన సూత్రంపై రూపొందిన పల్స్ ఆక్సీమీటరు వేలిలోని నాడీస్పందనపై ఆధారపడుతుంది. కనుక రక్తప్రసరణ క్షీణించి నాడి బలహీనపడినప్పుడు, అనగా రోగి ప్రాణాపాయంలో ఉన్నప్పుడే, దాని లెక్కను నమ్మడం కష్టమవుతుంది.

ఈ కొరత తీర్చే మార్గాన్ని 1977లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త ఫ్రాన్స్ యోబ్సిస్ చూపారు. కంటికి కానరాని సమీప పరారుణ కాంతి చర్మాన్నీ, కపాలాన్నీ దాటి మెదడును చేరుతుంది. వెలికివచ్చిన కాంతిని కొలిస్తే, నాడీస్పందనతో నిమిత్తం లేకుండానే, కణజాలంలోని ప్రాణవాయువు స్థితి తెలుస్తుంది. నేడు గుండె శస్త్రచికిత్సల్లో రోగి నొసటిపై అంటించే చిన్న పట్టీ ఈ పని చేస్తోంది. సంఖ్య పడిపోగానే వైద్యులు అప్రమత్తులవుతారు. మెదడు కణాలు నశించకముందే రక్తప్రసరణను చక్కదిద్దే అవకాశం లభిస్తుంది.