తల ఊపకు, నోటితో చెప్పు

మనలో చాలామందిమి ఈత నేర్చుకున్నది నాన్నగారి పాత పోస్టింగులో, ఏదో ఒక స్విమ్మింగ్ పూల్‌లో. అక్కడ గోడ మీద లోతు రాసి ఉంటుంది. పొద్దున 5 అడుగులంటే సాయంత్రమూ 5 అడుగులే. అండమాన్ సముద్రం దగ్గర ఆ లెక్క చెల్లదు. ఇక్కడ రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు. పున్నమికీ అమావాస్యకూ శ్రీ విజయపురంలో (ఇళ్ళలో ఇంకా పోర్ట్ బ్లెయిర్ అనే అంటున్నాం) నీరు దాదాపు 2 మీటర్లు ఎక్కి దిగుతుంది. ఉదయం హాయిగా దూకిన చోటే మధ్యాహ్నానికి నడుము లోతు నీళ్ళు, కింద పగడపు రాయి ఉండవచ్చు.

తలకిందులుగా దూకినప్పుడు తల నేలకు తగిలితే దెబ్బ తలతో ఆగదు. వెనకనుంచి వచ్చే ఒంటి బరువంతా మెడ మీద పడుతుంది. మెడలో 7 వెన్నుపూసలున్నాయి (జిరాఫీకీ అన్నే!). వాటి మధ్యలోంచి చిటికెన వేలంత లావున వెన్నుపాము దిగుతుంది. పూస విరిగినా ఒక్కోసారి వెన్నుపాముకు ఏమీ కాదు. అప్పుడు మనం కంగారుగా చెయ్యి పట్టి లాగితే ఆ విరిగిన ముక్కే దాన్ని నొక్కేస్తుంది. కాళ్ళూచేతులూ పడిపోవచ్చు. దెబ్బ మెడ పైభాగంలో అయితే ఊపిరి ఆడించే కండరానికి మెదడు కబురే అందదు.

అందుకే లైఫ్‌గార్డులకు దీనికోసం విడిగా శిక్షణ ఇస్తారు. గాయపడ్డవారు బోర్లా తేలుతుంటే లైఫ్‌గార్డు పక్కనుంచి చేరతాడు. వారి రెండు చేతులనూ మోచేతుల పైన పట్టి, తలకు ఇరువైపులా చాచి, చెవులకు ఆనేలా బిగిస్తాడు. ఇప్పుడు వారి చేతులే తలకు కట్టుబద్దలు. మెల్లగా ముందుకు కదుపుతూ తనవైపు వెల్లకిలా తిప్పుతాడు. ముఖం పైకి వచ్చింది, మెడ కదల్లేదు! నీరు ఒంటి బరువును మోస్తుంది కాబట్టి, ఊపిరి ఆడుతుంటే ఒడ్డుకు ఈడ్చే తొందర లేదు. తోటివారు బోర్డు తెచ్చి కిందికి జార్చి, ముందు ఒంటికి పట్టీలు వేసి, తలను చివర బిగిస్తారు. రాధానగర్ వంటి బీచ్‌లో అలలుంటే అలకు తమ ఒంటినే అడ్డు పెట్టాలి.

ఊపిరి లేకపోతే ఈ వరస మారుతుంది. మెడను వీలైనంత నిలకడగా ఉంచుతూ వెంటనే ఒడ్డుకు చేర్చి శ్వాస ఇవ్వాలి. శ్వాస తర్వాతే వెన్ను.

మన పని ఇంత కాదు. లైఫ్‌గార్డును కేకేయాలి, 112కు ఫోన్ చేయించాలి. ఒడ్డున కూర్చున్నవాడు మెడ నొప్పి అన్నా, వేళ్ళు తిమ్మిరి అన్నా లేవనీయకూడదు. తను నడిచి వచ్చినా సరే.

మేము దీన్ని తరగతిలో నేల మీద చేసి చూశాం. ఒకరు పడుకున్నారు, ఒకరు తల పట్టుకున్నారు, ఇంకొకరు "మెడ నొప్పిగా ఉందా?" అని అడిగారు. పడుకున్న ప్రతివాళ్ళూ అవునని తల ఊపారు. రెండో విడత నుంచి ప్రశ్న కంటే ముందు ఈ వ్యాసం పేరు చెప్పడం మొదలుపెట్టాం.